కీక్లీ 28 ఏళ్లకే ఆపేశాడు, వాగ్నర్ 2025లోనూ ఆడాడు: మిడిల్ లైన్‌బ్యాకర్ కెరీర్ ఎక్కడ తెగుతుంది?

విభాగం: అమెరికన్ ఫుట్‌బాల్ › డిఫెన్స్

మొదటి_డౌన్

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) 2012 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతుల వారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, వచ్చిన ముగ్గురు లైన్‌బ్యాకర్లను (డిఫెన్స్ ముందు వరస వెనక నిలబడేవాళ్లు) చూడండి. ల్యూక్ కీక్లీ 9వ పిక్, కరోలినా పాంథర్స్. బాబీ వాగ్నర్ 47వ పిక్, సియాటిల్. లవాంటే డేవిడ్ 58వ పిక్, టాంపా బే. వాగ్నర్, డేవిడ్ ఇద్దరూ 2025 సీజన్‌లో కూడా ఆడారు. కీక్లీ మాత్రం 2020 జనవరి 14న, 28 ఏళ్లకే ఇక చాలన్నాడు. ఆట తగ్గి వెళ్లాడా అంటే అదీ కాదు. చివరి సీజన్‌లో 16కి 16 మ్యాచ్‌లూ ఆడి 144 ట్యాకిళ్లు (బంతి పట్టుకున్నవాడిని పడగొట్టడం) చేశాడు.

"తలదెబ్బలు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఆ పొజిషన్‌లో పనేంటి, ఒళ్లు ఎక్కడ అరుగుతుంది, డబ్బు లెక్కేంటి, తెలిసినవాళ్లు విడమరిచి రాయండి.

నాలుగో_డౌన్

ముందు అంకెలు పెడతాను, తర్వాత తీరిగ్గా కొట్టుకుందాం.

కీక్లీ సిన్సినాటి కుర్రాడు. హైస్కూల్లో సేఫ్టీగానూ (డిఫెన్స్‌లో అందరికంటే వెనక ఉండేవాడు) ఆడాడు. పాస్ వచ్చినప్పుడు వెనక్కి తిరిగి పరిగెత్తే అలవాటు అక్కడిదే. 2009లో బోస్టన్ కాలేజీలో చేరేసరికి అక్కడి స్టార్ లైన్‌బ్యాకర్ మార్క్ హెర్జ్‌లిచ్ ఎముక క్యాన్సర్‌తో ఆ సీజన్ మొత్తం దూరమయ్యాడు. మొదటి ఏడాది కుర్రాడికి చోటు దొరికింది. 158 ట్యాకిళ్లు. తర్వాత 183, ఆపైన 191. మొత్తం 532. బట్కస్ అవార్డు (ఉత్తమ కాలేజీ లైన్‌బ్యాకర్‌కి ఇచ్చేది) అందుకుని, నాలుగో ఏడు ఆడకుండానే డ్రాఫ్ట్‌కి వచ్చేశాడు. హైస్కూల్ వదిలి మూడేళ్లు నిండితే చాలు, రూల్ ఒప్పుకుంటుంది.

డ్రాఫ్ట్‌కి ముందు జరిగే కంబైన్ పరీక్షల్లో 40 గజాలు 4.58 సెకన్లు, నిలువు దూకుడు 38 అంగుళాలు, 225 పౌండ్ల బెంచ్ ప్రెస్ 27 సార్లు.

కరోలినాలో మొదలుపెట్టింది మిడిల్‌లో కాదు, విల్ అనే పక్క స్థానంలో. మిడిల్‌లో ఆడుతున్న జాన్ బీసన్ 2012 సీజన్ తొలి నెలలోనే గాయపడటంతో అక్కడికి జరిగాడు. ఆ ఏడాది 164 ట్యాకిళ్లతో లీగ్‌లో ఒకటో స్థానం, ఉత్తమ డిఫెన్సివ్ రూకీ. 2013లో ఏకంగా ఉత్తమ డిఫెన్సివ్ ప్లేయర్. 8 సీజన్లు, 118 మ్యాచ్‌లు, 1,092 ట్యాకిళ్లు, 18 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ల పాస్‌ని తను పట్టేయడం), 7 ప్రో బౌల్స్ (ఆల్ స్టార్ ఎంపిక), 5 సార్లు ఆల్ ప్రో (ఆ ఏటి ఉత్తమ ఆటగాళ్ల జాబితా) మొదటి జట్టు.

వరంగల్_బ్లిట్జ్

18 ఇంటర్‌సెప్షన్లే ఇందులో అసలు అంకె. ట్యాకిళ్లు ఎవరైనా పోగేస్తారు.

ఫిల్మ్_రూమ్

మైక్ (మిడిల్ లైన్‌బ్యాకర్‌ని జట్లలో పిలిచే పేరు) పని సగం స్నాప్‌కి, అంటే బంతి ఆటలోకి వచ్చే క్షణానికి, ముందే అయిపోతుంది. అది అర్థమైతేనే కీక్లీ అర్థమవుతాడు.

40 సెకన్ల ప్లే క్లాక్ కదలగానే కోచ్ రేడియోలో కాల్ ఇస్తాడు. డిఫెన్స్ వైపు ఒక్క హెల్మెట్‌కే స్పీకర్ ఉండొచ్చు, దాని వెనక ఆకుపచ్చ చుక్క ఉంటుంది. 2008 నుంచి ఈ ఏర్పాటు. మైక్ ఆ కాల్‌ని మిగతా పదిమందికీ చేరవేస్తాడు: ముందు వరస ఎలా నిలబడాలి, వెనక కవరేజీ ఏంటి, ఎవరైనా బ్లిట్జ్‌కి (పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా దూసుకెళ్లడానికి) వస్తున్నారా. క్లాక్‌లో 15 సెకన్లు మిగలగానే రేడియో దానంతటదే తెగిపోతుంది. అటువైపు జట్టు తన అసలు ఫార్మేషన్ చూపించేదీ, రిసీవర్‌ని (పాస్ అందుకునేవాడిని) ఇటునుంచి అటు నడిపించేదీ చాలాసార్లు ఆ తర్వాతే. అప్పుడు మైక్ చెవిలో ఎవరూ ఉండరు. చూసి, గుర్తుపట్టి, అరిచి, అవసరమైతే కాల్ మార్చేయాలి. పిలుపు ఆలస్యమైతే ముందు వరసలో సగంమంది పాత కాల్, సగంమంది కొత్త కాల్ ఆడతారు. టీవీలో "అబ్బా, ఎంత పెద్ద సందు" అనిపించే పరుగుల్లో చాలావాటికి మూలం ఇదే.

మైక్ గాయపడి బయటికి వెళ్తే ఇంకొకరికి ఆకుపచ్చ చుక్క హెల్మెట్ మార్చాలి. అందుకే సైడ్‌లైన్ దగ్గర రెండోది సిద్ధంగా పెడతారు.

కొత్త_ప్రేక్షకుడు

ఎదుటివాళ్లు ఏ ఆట ఆడబోతున్నారో కీక్లీ ముందే అరిచి చెప్పేసేవాడంటారు. నిజమేనా, అభిమానుల అతిశయమా?

ఫిల్మ్_రూమ్

నిజమే, అందులో మాయ ఏమీ లేదు. వారం ఎలా నడుస్తుందో చూస్తే తెలుస్తుంది. ఆదివారం మ్యాచ్ ఉంటే సోమవారం పాత మ్యాచ్ ఫిల్మ్, చికిత్సలు. మంగళవారం సెలవు. బుధవారం మొదటి, రెండో డౌన్ ప్లాన్ (డౌన్ అంటే పది గజాలు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి). గురువారం మూడో డౌన్. శుక్రవారం రెడ్ జోన్ (గోల్ గీతకి చివరి 20 గజాలు), చివరి రెండు నిమిషాల ఆట. శనివారం నడక వేగంతో రిహార్సల్. మంచి మైక్ ఆ సెలవు రోజు నుంచే ఫిల్మ్ మొదలుపెడతాడు. వెతికేది పెద్ద రహస్యాలు కావు: ఈ ఫార్మేషన్‌లో, ఈ డౌన్‌లో, ఇన్ని గజాలు కావాల్సినప్పుడు వీళ్లు ఏ మూడు ఆటలు ఎక్కువ ఆడతారు? బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ మామూలుగా కంటే అర గజం వెడల్పుగా నిలబడ్డాడా? గార్డ్ (ముందు వరస మధ్యలో బ్లాక్ చేసేవాడు) చేతి మీద బరువు తగ్గించి కూర్చున్నాడా? తగ్గిస్తే పుల్ చేయబోతున్నాడు (పక్కకి లాగి పరిగెత్తబోతున్నాడు), లేదా పాస్.

స్నాప్ అయ్యాక: మైక్ బంతి ఉన్న గీతకి నాలుగున్నర, అయిదు గజాల వెనక ఉంటాడు. మొదటి అడుగు నాలుగు నుంచి ఆరు అంగుళాలే. కళ్లు బంతి మీద ఉండకూడదు. ఇద్దరు గార్డులు, వాళ్ల వెనక రన్నింగ్ బ్యాక్, ఈ ముక్కోణం మీద ఉండాలి. గార్డ్ తల కిందికి దూసుకొస్తే రన్. తల పైకి లేచి వెనక్కి జరిగితే పాస్. గార్డ్ పక్కకి లాగి పరిగెత్తితే అతని వెంటే పో, బంతి అక్కడికే వస్తుంది.

చెడిపోయేది మూడు చోట్ల. ప్లే యాక్షన్‌లో (రన్ అని నమ్మించి పాస్ వేసే ఆట) గార్డ్ కావాలనే తల దించి అబద్ధం చెబుతాడు. మైక్ రెండడుగులు ముందుకేస్తే చాలు, అతని వెనక 12 గజాల దగ్గర పాస్ అందుకునే టైట్ ఎండ్ ఖాళీ. రెండోది ఆర్‌పీవో, రన్నా పాసా అన్నది స్నాప్ తర్వాత క్వార్టర్‌బ్యాక్ తేల్చుకునే ఆట. లైన్‌మెన్ నిజంగానే రన్‌కి బ్లాక్ చేస్తుంటారు కాబట్టి గార్డ్ తల చూసి తేల్చుకోవడం పనికిరాదు. పాస్ పడేలోపు లైన్‌మెన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక గజానికి మించి ముందుకు పోకూడదు, కాలేజీలో మూడు గజాల దాకా వదిలేస్తారు. అందుకే ఈ తలనొప్పి కాలేజీలో ఇంకా ఎక్కువ. మూడోది మైక్ స్వయంకృతం: తన A గ్యాప్ (సెంటర్‌కీ గార్డ్‌కీ మధ్య సందు) వదిలేసి, బ్లాక్ పైనుంచి చుట్టుతిరిగి పరుగు వెంట పడటం. బ్యాక్ ఒక్కసారి వెనక్కి కోస్తే అక్కడ ఎవరూ ఉండరు.

నాలుగో_డౌన్

2015 థ్యాంక్స్‌గివింగ్ రోజు, నవంబర్ 26, డల్లాస్ మీద 33-14 గెలిచిన మ్యాచ్ చూడండి. డల్లాస్ క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో వరుసగా వేసిన రెండు పాస్‌లు కీక్లీ చేతిలో పడ్డాయి. మొదటిది 32 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్. ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లో సియాటిల్ మీద ఒకటి, అరిజోనా మీద ఒకటి మళ్లీ ఇంటర్‌సెప్షన్ టచ్‌డౌన్లు. జట్టు 15-1తో సూపర్ బౌల్ 50కి (లీగ్ ఫైనల్) వెళ్లి డెన్వర్ చేతిలో 24-10తో ఓడింది.

వరంగల్_బ్లిట్జ్

ట్యాకిళ్ల మీద నా మాట మళ్లీ. 2013 డిసెంబర్ 22న న్యూ ఓర్లీన్స్ మీద 24 ట్యాకిళ్లని ఊదరగొడతారు. ముందు 26 అన్నారు, సరిచూశాక 24. అసలు ట్యాకిల్ లెక్క స్టేడియంలో కూర్చున్న స్కోరర్ల చేతిలో ఉంటుంది. కుప్పలో చివర చెయ్యి వేసినవాడికీ అసిస్ట్ వస్తుంది, ఇచ్చేవాడి మనసు పెద్దదైతే. కోచ్‌లు ఫిల్మ్ చూసి తమ లెక్క తాము వేసుకుంటారు.

ఎండ్‌జోన్_అక్క

బ్లిట్జ్ తమ్ముడూ, అసిస్టుల సంగతి ఒప్పుకుంటా. కానీ ట్యాకిల్ ఎక్కడ జరిగిందో కూడా చూడాలి. అయిదో గజం దగ్గర ఆపిన ట్యాకిల్, గీత దగ్గర ఆపినది స్టాట్ షీట్‌లో ఒకటే. కీక్లీ బ్లాక్ తగలకముందే సందులోకి జారిపోయేవాడు. 310 పౌండ్ల గార్డ్‌తో తోపులాటకు దిగితే 240 పౌండ్ల మనిషి ఓడతాడు, అందులో సిగ్గేమీ లేదు. కాబట్టి పద్ధతి ఇది: గార్డ్ చేతులు తగిలేలోపు లోపలి చేత్తో అతని ఛాతీ మీద ముందు తట్టాలి, బయటి భుజం ఖాళీగా ఉంచుకోవాలి, దూరంగా తోసి పక్కకి జారాలి. భుజం పెట్టి ఢీకొంటే బ్లాక్ ఆగుతుంది, కానీ నువ్వూ అక్కడే ఆగిపోతావు. పైగా మెడ, భుజం కలిసేచోట నరం లాగి చెయ్యి మంటెత్తుతుంది. స్టింగర్ అనేది అదే.

ఇంకొకటి, టాంపా టూ కవరేజీ గురించి ఎవరూ ఎత్తలేదు. ఇద్దరు సేఫ్టీలు మైదానం వెనక భాగాన్ని చెరిసగం పంచుకుంటే మధ్యలో సందు మిగులుతుంది. దాన్ని మూసేది మైక్. స్నాప్ కాగానే నడుము తిప్పి పదిహేను, ఇరవై గజాలు వెనక్కి ఉరకాలి, కళ్లు మాత్రం క్వార్టర్‌బ్యాక్‌ని వదలకూడదు. ఆ సమయంలో అది రన్ అని తేలితే మళ్లీ ముందుకు రావాలి. 4.58 వేగం, పాత సేఫ్టీ అలవాటు రెండూ ఉన్నవాడు దొరికితే కోచ్‌కి పండగే. హెడ్ కోచ్ రాన్ రివేరా తనే 1985 చికాగో బేర్స్ లైన్‌బ్యాకర్ కాబట్టి ఆ విలువ తెలుసు.

మొదటి_డౌన్

అక్కా, 2013 నవంబర్ 18 న్యూ ఇంగ్లండ్ మ్యాచ్ చివరి ప్లే సంగతి? వాళ్ల టైట్ ఎండ్ గ్రాంకౌస్కీని కీక్లీ రెండు చేతులా వాటేసుకున్నాడు కదా.

ఎండ్‌జోన్_అక్క

వాటేసుకున్నాడు, ఫ్లాగ్ (ఫౌల్ అని రిఫరీ విసిరే గుడ్డ) కూడా పడింది. న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ పాస్ తక్కువగా పడి ముందున్న కరోలినా ఆటగాడు రాబర్ట్ లెస్టర్ చేతికి చిక్కింది. రిఫరీలు మాట్లాడుకుని, గ్రాంకౌస్కీ ఆ బంతిని అందుకునే అవకాశమే లేదని ఫ్లాగ్ తీసేశారు. కరోలినా 24-20. నా దృష్టిలో ఫ్లాగ్ ఉండాల్సింది. అతను వెనక్కి తిరిగి రాకుండా ఆపింది ఆ చేతులే మరి. టెక్నిక్‌గా చూసినా తప్పే: మైక్ బంతి వైపు తల తిప్పలేదు. తల తిప్పి ఉంటే వాదనే ఉండేది కాదు.

వరంగల్_బ్లిట్జ్

అభిమానివై ఉండీ నిజం చెప్పావు అక్కా, స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటా.

ఫిజియో_మూల

ఇప్పుడు అసలు ప్రశ్న. కీక్లీకి బయటికి తెలిసిన కంకషన్లు (తలదెబ్బకి మెదడు అదిరిపోవడం) మూడు, వరుసగా మూడు సీజన్లలో.

2015 మొదటి మ్యాచ్, జాక్సన్‌విల్: 3 మ్యాచ్‌లు పోయాయి.
2016 నవంబర్ 17, న్యూ ఓర్లీన్స్: కార్ట్ మీద ఏడుస్తూ వెళ్లిన దృశ్యం. సీజన్‌లో మిగిలిన 6 మ్యాచ్‌లూ ఆడలేదు.
2017 అక్టోబర్ 12, ఫిలడెల్ఫియా: 1 మ్యాచ్.

తిరిగి రావడానికి అయిదు మెట్లు. లక్షణాలు పెరగనంతవరకే మామూలు కదలిక. తర్వాత సైకిల్, ట్రెడ్‌మిల్. తర్వాత ఫుట్‌బాల్ కదలికలతో కసరత్తు. తర్వాత ఢీకొనడం లేని టీమ్ ప్రాక్టీస్. చివరికి పూర్తి అనుమతి. ఏ మెట్టులోనైనా తలనొప్పో మసకో తిరిగి వస్తే ముందుకు వెళ్లనివ్వరు. టీమ్ డాక్టర్ ఒక్కడి సంతకం చాలదు, జట్టుతో సంబంధం లేని న్యూరో నిపుణుడు కూడా ఒప్పుకోవాలి. ఇన్ని రోజులు అని గడువు లేదు. అందుకే ఒకసారి ఒక మ్యాచ్, ఇంకోసారి ఆరు మ్యాచ్‌లు.

గమనించాల్సింది: ఈ మెట్లు "ఇప్పుడు ఆడొచ్చా" అన్నదానికే జవాబిస్తాయి. "ఇంకో అయిదేళ్లు ఆడొచ్చా" అన్నదానికి ఏ పరీక్షా లేదు. సీటీఈ అనే మెదడు జబ్బును చనిపోయాక మెదడు కణజాలం చూసి మాత్రమే నిర్ధారించగలరు. 2012లో చనిపోయిన లైన్‌బ్యాకర్ జూనియర్ సియావ్ విషయంలో అలాగే తేలింది. ఇక కంకషన్‌గా లెక్కకు రాని చిన్న దెబ్బలు మైక్‌కి దాదాపు ప్రతి రన్ ప్లేలో తగులుతాయి.

2017లో కీక్లీ మెడకి క్యూ కాలర్ పట్టీ కట్టుకుని ఆడాడు. మెడ సిరల మీద కొద్దిగా ఒత్తిడి పెట్టి, తలలో రక్తం కాస్త ఎక్కువ నిలిచేలా చేసి, మెదడు కదలికను తగ్గించాలన్నది దాని ఆలోచన. అమెరికా ఎఫ్‌డీఏ 2021లో అమ్మకానికి అనుమతిచ్చింది, కానీ అది కంకషన్‌ను ఆపుతుందని ఎవరూ చెప్పలేదు. ప్రాక్టీస్‌లో హెల్మెట్ మీద తొడిగే మెత్తటి గార్డియన్ క్యాప్‌ను 2022 శిక్షణ శిబిరాల్లో లైన్‌బ్యాకర్లకు తప్పనిసరి చేశారు. అప్పటికి ఇతను వెళ్లిపోయి రెండేళ్లయింది.

నాలుగో_డౌన్

తల దించి ఢీకొంటే 15 గజాల పెనాల్టీ అన్న రూల్ 2018లో వచ్చింది. అది కాపాడేది ఇద్దరినీ. చాలామంది బంతి పట్టుకున్నవాడి కోసమే అనుకుంటారు.

మొదటి_డౌన్

మరి వాగ్నర్? అదే పొజిషన్, అవే గార్డులు, అదే ఏడాది. ఫిజియో గారూ, ఏమంటారు?

ఫిజియో_మూల

కారణం ఇదీ అని చెప్పగలిగినవాళ్లు ఉన్నారనుకోను. సీజన్‌కి వెయ్యి ప్లేల దాకా ఆడితే, అందులో ఏ మోకాలు ఏ తలకి తగులుతుందన్నదాన్ని టెక్నిక్ పూర్తిగా ఆపలేదు. వాగ్నర్‌కీ 2014లో కాలి వేలి గాయంతో 5 మ్యాచ్‌లు పోయాయి. వేలు మానింది, లెక్క మళ్లీ మొదటికొచ్చింది. కంకషన్ అలా కాదు, వెనకటి వాటి మీద కలుపుకుంటూ పోయే లెక్క.

వరంగల్_బ్లిట్జ్

వేలిని తక్కువ చేయకండి సార్. శాన్‌ఫ్రాన్సిస్కో ప్యాట్రిక్ విల్లిస్ 2015 మార్చిలో 30 ఏళ్లకే మానేసింది పాదాల వల్లే. ఎనిమిది సీజన్లు, కీక్లీ లాగే. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. అదే నెలలో అదే జట్టు నుంచి క్రిస్ బోర్లండ్ 24 ఏళ్లకు, ఒక్క సీజన్ ఆడి, తల గురించిన భయంతో ఆపేశాడు.

ఫిజియో_మూల

మంచి ఉదాహరణ, ఒప్పుకుంటా. బొటనవేలి మొదటి కీలు కింద ఉండే గట్టి పొర చిరిగితే దాన్నే టర్ఫ్ టో అంటారు. మైక్ వేసే ఆ ఆరంగుళాల అడుగు, పక్కకి నెట్టుకునే బలం అంతా ఆ కీలు మీదే. లోపల గట్టి పలక ఉన్న బూటు వేసి కీలు వంగకుండా చేస్తారు. నొప్పి తగ్గుతుంది, కానీ వేగం కూడా పోతుంది. అర అడుగు ఆలస్యమైతే గార్డ్ చేతులు ముందు నీ మీద పడతాయి.

కరోలినాలోనే ఎదురు ఉదాహరణ ఉంది. కీక్లీ పక్కన ఆడిన థామస్ డేవిస్ కుడి మోకాలి ఏసీఎల్ (కీలు లోపలి లిగమెంట్) 2009, 2010, 2011లో మూడుసార్లు తెగింది. మూడు సర్జరీల తర్వాత తిరిగొచ్చి ప్రో బౌల్ స్థాయికి ఎదిగాడు. 2016 జనవరి 24న అరిజోనా మ్యాచ్‌లో ముంజేయి విరిగితే పలక, స్క్రూలు వేయించుకుని రెండు వారాల్లో సూపర్ బౌల్ ఆడాడు. ఎముకనీ లిగమెంట్‌నీ అతికించగలం. కాబట్టి ఇద్దరి ధైర్యాన్ని పోల్చడం తప్పు.

క్యాప్_లెక్కలు

డబ్బు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను.

లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ 2011లో కుదిరిన ఒప్పందం తర్వాత రూకీ జీతాలు పిక్ నంబర్‌ని బట్టి దాదాపు ఖాయం. మొదటి రౌండ్ వాళ్లకి నాలుగేళ్లు, అయిదో ఏడు జట్టు ఇష్టం. 9వ పిక్‌గా కీక్లీకి నాలుగేళ్లకు సుమారు 1.26 కోట్ల డాలర్లు. 2015 సెప్టెంబర్‌లో అయిదేళ్ల పొడిగింపు, దాదాపు 6.2 కోట్లు. అప్పటికి ఇన్‌సైడ్ (మధ్యలో ఆడే) లైన్‌బ్యాకర్లలో అదే పెద్దది, ఏడాదికి 1.24 కోట్లు. 2019లో సి.జె. మోస్లీ ఏడాదికి 1.7, వాగ్నర్ 1.8 కోట్లకు ఎక్కారు. 2023లో రోక్వాన్ స్మిత్ 2 కోట్లు, 2025లో ఫ్రెడ్ వార్నర్ 2.1.

పెద్ద అంకెలే కదా అనుకోకండి. 2025లోనే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే టి.జె. వాట్‌కి ఏడాదికి 4.1 కోట్లు, మైకా పార్సన్స్‌కి 4.7. గీత మీద నిలబడేవాడికీ, అయిదు గజాల వెనక నిలబడేవాడికీ అంత తేడా. కానీ ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసిన ఆటగాడిని జట్టు ఇంకో ఏడు నిలుపుకునే హక్కు) దగ్గరికి వచ్చేసరికి లీగ్ అవుట్‌సైడ్, ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్లందరినీ ఒకే గంపలో వేసి లెక్కకడుతుంది. ఆ ధర ఎడ్జ్ వాళ్ల (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాళ్ల) వల్ల పెరిగిపోతుంది కాబట్టి జట్లు ఇన్‌సైడ్ వాడికి ట్యాగ్ వేయడం అరుదు. ఆ బేరసారాల్లో ఇది ఇన్‌సైడ్ ఆటగాడికి కాస్త కలిసొచ్చే విషయం.

మధ్యలో రిటైరైతే? సైనింగ్ బోనస్‌ని క్యాప్ (జట్టు జీతాల మీద లీగ్ పెట్టే పరిమితి) కోసం గరిష్ఠంగా అయిదేళ్లకు పంచుతారు. ఇంకా లెక్కలోకి రాని భాగం జట్టు మీద పడుతుంది. జూన్ 1కి ముందైతే అంతా ఒకే ఏడు, తర్వాతైతే రెండేళ్లకు పంచుకోవచ్చు. ఆడని ఏళ్ల బోనస్‌ని వెనక్కి అడిగే హక్కు కూడా జట్టుకి ఉంటుంది. ఇక పెన్షన్‌కి మూడు సీజన్లు చాలు. మూడు మ్యాచ్‌ల పాటు పూర్తి జీతం మీద జట్టులో ఉంటే ఆ ఏడు లెక్కలోకి వస్తుంది. ఎనిమిదేళ్లు ఆడినవాడికి ఆ దిగులు లేదు. అందుకే 28కి ఆపడం అతనికి సాధ్యమైంది. ఆరో రౌండ్‌లో వచ్చి స్పెషల్ టీమ్స్‌లో (కిక్‌ల ఆటల్లో) పరిగెత్తేవాడికి అదే తలదెబ్బ తగిలితే ఆ స్వేచ్ఛ ఎక్కడిది?

ఎండ్‌జోన్_అక్క

ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. వీడ్కోలు వీడియోలో అతను చెప్పిన సారాంశం: వేగంగా, బలంగా, గట్టిగా తగులుతూ ఆడాలనే ఎప్పుడూ అనుకున్నాను, ఇక అలా ఆడగలనో లేదో తెలియడం లేదు. అంత ఇష్టంగా ఆడే మనిషి ఆ మాట అనగలిగాడంటే వెనక బ్యాంకు బలం కూడా ఉందన్నది నిజం.

కొత్త_ప్రేక్షకుడు

మనవాళ్లు ఎవరైనా ఈ పొజిషన్‌లో ఆడారా?

నాలుగో_డౌన్

తెలుగువాళ్లు నాకు తెలిసి లేరు. తండ్రి వైపు భారతీయ మూలాలున్న బ్రాండన్ చిల్లర్ ఉన్నాడు. యూసీఎల్ఏ నుంచి 2004లో నాలుగో రౌండ్‌లో సెయింట్ లూయిస్ రామ్స్‌కి, 2008 నుంచి గ్రీన్ బే. లైన్‌బ్యాకరే, కానీ ప్రధానంగా మైక్ కాదు.

కొత్త_ప్రేక్షకుడు

చివరిగా ఒకటి. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది. మైక్‌ని చూడటం ఎలా?

ఫిల్మ్_రూమ్

మైదానం మొత్తం కనిపించే ఆల్ 22 వీడియో దొరికితే అదే చూడు. లేకపోతే మామూలు ప్రసారమైనా చాలు, స్నాప్ వరకు అతను ఫ్రేమ్‌లోనే ఉంటాడు. ఆకుపచ్చ చుక్క వెతుక్కో. క్లాక్ 15 దాటాక అతని చేతులు చూడు: ఎవర్ని జరగమంటున్నాడు, ఎటువైపు చూపిస్తున్నాడు. స్నాప్ అవగానే బంతిని వదిలేసి దగ్గరి గార్డ్ తల చూడు, పైకా కిందికా. నువ్వు మనసులో "రన్" అనుకునేలోపు మైక్ కదిలాడా లేదా చూసుకో. ఒక క్వార్టర్ మొత్తం రన్ ప్లేలే అలా చూడు, పాస్ సంగతి తర్వాత. 2015 కరోలినా, అరిజోనా ప్లేఆఫ్ మ్యాచ్‌తో మొదలుపెట్టు. 49-15 అని ఫలితం ముందే తెలుసు కాబట్టి బంతి వెంట కళ్లు పరిగెత్తవు.